కడియంలో ముల్లు

మూడు వారాలుగా ఆ రేకుల షెడ్డులో ఇంజనీర్లు జుట్టు పీక్కుంటున్నారు. పగలంతా నిక్షేపంగా పనిచేసే ఆపద్వాణి, తెల్లవారుజామున సరిగ్గా నాలుగున్నరకి చప్పబడిపోతోంది. ఆరున్నరకి మళ్ళీ దానంతటదే లేస్తోంది. మంచు వల్ల అన్నాడొకడు. గాలిలో తేమ వల్ల అన్నాడింకొకడు. మూడోవాడు ఏకంగా ప్రోగ్రాం అంతా తిరగరాశాడు. ఏం చేసినా నాలుగున్నర అయ్యేసరికి తెరమీది ఎనిమిది వందల పచ్చచుక్కల్లో ఏ కొద్దో తప్ప అన్నీ బిలబిలమంటూ గట్టు పక్కకి చేరి, ఒక్కొక్కటే ఆరిపోయేవి.

ఆ చుక్కలు ఎవరి బాతులో ఆ నాంచారి, షెడ్డు గుమ్మం బయటే కూర్చుని ఇదంతా చూస్తోంది. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. అడక్కుండా చెప్పే అలవాటు ఆమెకి లేదు. ఇరవై రెండో రోజు పొద్దున, ప్రాజెక్టుకి పెద్ద అయిన రెహనా కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చి, మాటవరసకి అన్నట్టు అడిగింది.

"నాంచారక్కా, తెల్లారగట్ల నీ బాతులకి ఏమవుతోంది?"

నాంచారి నోట్లోంచి వేపపుల్ల తీసి ఆమెని ఎగాదిగా చూసింది. "ఏమవుద్దమ్మా? గుడ్లు పెడతన్నాయి."

రెహనా అక్కడే ఆమె పక్కన చతికిలబడింది.

"పెట్ట ఆ వేళప్పుడు నీళ్ళల్లో ఉంటదా? గట్టెక్కి గడ్డిలో కూకుంటది. కాళ్ళాడకపోతే మీ కడియానికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తది?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"అడిగారా?"

ఆ పూట షెడ్డులో ముగ్గురు ఇంజనీర్లూ టిఫిను తినకుండానే తలలు దించుకుని కూర్చున్నారు. నాంచారి మొగుడు ఏడుకొండలు మాత్రం నవ్వలేక పొట్ట పట్టుకుని దోనెలో పడుకున్నాడు. ఇంత చదువుకున్న మనుషులు బాతులతో పనిపెట్టుకుని, బాతు గుడ్డు పెడుతుందన్న సంగతి మర్చిపోవడం అతనికి ఆ ఏడాదికంతటికీ సరిపడా వినోదం.

కడియం అన్నది నాంచారి పెట్టిన పేరే. చింతగింజంత బరువుండే తేలికపాటి చుట్టు అది. బాతు కాలికి తొడిగితే, నీళ్ళలో కాలు ఆడిన కొద్దీ తనకి కావలసిన కరెంటు తనే పుట్టించుకుంటుంది. మూడు వందల అడుగుల దూరంలో ఉన్న మరో కడియంతో మాట్లాడుతుంది. తుఫానొచ్చి టవర్లన్నీ కూలినప్పుడు, దగ్గర్లో ఒక్క బాతు ఈదుతుంటే చాలు, ఎవరి చేతిలోని మామూలు ఫోనైనా బతుకుతుంది. మాట బాతు నుంచి బాతుకి దూకుతూ గట్టు మీది షెడ్డుకి చేరుతుంది. ఈ మొత్తం అల్లికకే ఆపద్వాణి అని పేరు పెట్టారు. ముంపు నీళ్ళలో మేతకి వదిలిన బాతులు ఎవరూ చెప్పకుండానే, చల్లిన విత్తనాల్లా సమంగా పరుచుకుంటాయి. రెహనాకి ఈ ఊహ వచ్చింది ఏలూరు బస్సు కిటికీలోంచి నాంచారి మందని చూసినప్పుడే.

కొల్లేటి గట్లెంట మూడు తరాలుగా బాతులు తోలే కుటుంబం నాంచారిది. కడియాలు తొడగడానికి ఆమె ఒకటే షరతు పెట్టింది. "నా బాతులకి ఏ ఇబ్బందీ ఉండకూడదు." ఉండదని రెహనా మాటిచ్చింది. ఎనిమిది వందల కాళ్ళకీ నాంచారి తన చేత్తోనే ఒక్కొక్కటే తొడిగింది.

అట్లతద్ది వెళ్ళిన వారానికి తుఫాను తీరం దాటింది. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి, ఎక్కడికక్కడ వాగులు గట్లు తెగ్గొట్టుకుని, బుధవారం మధ్యాహ్నానికి చేలూ చెరువులూ రోడ్లూ ఏకమైపోయాయి. కరెంటు స్తంభాలు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. సహాయక క్యాంపు పట్నంలో పెట్టారు. అక్కడ ప్రత్యేకాధికారి ఉమాపతి ఎదురుగానూ రెహనా షెడ్డులో ఉన్నటువంటి తెరే ఒకటి ఉంది. ఆయన గొంతు షెడ్డులోని స్పీకరు పెట్టెలోంచి వస్తుంది, కొంచెం పెద్దగానే వస్తుంది.

నాంచారి దోనె ముందుకి నిలబడి నోటి చుట్టూ చేతులు పెట్టి పిలిచింది. ఆమెకి రెండు పిలుపులున్నాయి. "దా దా దా" అంటే రమ్మని. "హోయ్... లోలోలో" అని సాగదీస్తే, మీరు మేయండి, నేనిక్కడే ఉన్నానని. ఆ రెండోది విన్నాక బాతులు దూరం లెక్కచెయ్యవు. గంటలో తెరమీది పచ్చచుక్కలు గట్టు దాటి, మునిగిన కొబ్బరితోటలు దాటి, రెండు కోసుల మేర పరుచుకున్నాయి. ఫోన్లు మేలుకున్నాయి. బెజవాడలో ఉన్న కూతురికి నేను బతికే ఉన్నానని చెప్పమని ఒక ముసలమ్మ. గొడ్లు కొట్టుకుపోతున్నాయని ఒక రైతు. సాయంత్రం అవుతుండగా ఇంకొక గొంతు.

"ఎవరన్నా ఉన్నారాండీ? పాతిళ్ళలంక బడి మీదున్నామండీ. నలభై మూడు మందిమండీ. నా పేరు సత్తిరాజండీ."

పాతిళ్ళలంకలో ఇంకా మనుషులున్నారని క్యాంపులో ఎవరికీ తెలీదు. అందర్నీ తరలించామని కాగితం మీద రాసుకున్నారు. పడవలు పంపుదామంటే గుర్రపుడెక్క అడ్డం. గాలికి దిబ్బలు దిబ్బలుగా కొట్టుకొచ్చి దారులన్నీ మూసేసింది. పడవలో కూర్చున్నవాడికి దాని అంచు కనిపించదు, బడి మీద నిలబడ్డవాడికి కనిపిస్తుంది. కాబట్టి వెలుగు రాగానే పడవలు బయలుదేరాలి, సత్తిరాజు మేడ మీంచి దారి చెబుతుండాలి. వరండా వైపు గోడ ఒరుగుతోందని అతను అప్పటికే రెండుసార్లు చెప్పాడు.

"ఐదింటికి బయలుదేరతాయి," అంది రెహనా. అని నాంచారి మొహంలోకి చూడలేకపోయింది. ఐదు గంటలంటే ఏమిటో ఇప్పుడామెకీ తెలుసు.

ఏడుకొండలు గొంతు తగ్గించి అన్నాడు. "పెట్టల్ని ఆ వేళకి నీళ్ళల్లో ఆపితే ఇంకంతేనే. మూడు నెల్లు గుడ్డు పెట్టవు. ఈకలు రాల్చుకుని కూకుంటాయి."

"నాకు తెలవదా?" అంది నాంచారి విసురుగా.

చీకటి పడ్డాక మందని సగం సగం చేసి గట్టెక్కించి విశ్రాంతినిచ్చారు. నాలుగున్నర అయింది. ఎప్పటిలాగే పెట్టలు ఒడ్డుకి తిరిగాయి. పోతుబాతులు యాభై ఉన్నాయి, అవి మాత్రం నీళ్ళమీదే ఉండిపోయాయి. ఆ యాభైతో పాతిళ్ళలంక దాకా మాట అందడం కష్టం, తెగుతూ అతుకుతూ వస్తోంది. ఐదింటికి పడవలు బయలుదేరాయి. నాంచారి గడ్డిలో సర్దుకుంటున్న పెట్టల్ని చూసింది. వాటిని లేపడానికి ఆమెకి చేతులు రాలేదు.

"ఒక్క అరగంట," అంది. "ముందు ఎక్కినవి పెట్టేస్తాయి. అప్పుడు నేనే తోలుకుపోతా. పడవల్ని అరగంట ఆగమని చెప్పమ్మా."

రెహనా చెప్పింది. స్పీకరు పెట్టె ఖంగుమంది.

"ఆవిణ్ణి అడిగేదేంటి రెహనా గారూ? బొత్తాం నొక్కండి."

"సార్, ఒక్క అరగంట..."

"నలభై మూడు ప్రాణాలండీ! మీరు నొక్కకపోతే ఇక్కణ్ణుంచి నేను నొక్కుతాను."

నాంచారి రెహనా వైపు తిరిగింది. "ఏం బొత్తాం?"

రెహనా తెర వైపే చూస్తూ చెప్పింది. "కడియం లోపలి వైపు చిన్న ముల్లుందక్కా. పైవాళ్ళు పెట్టమన్నారు. బాతు ఒడ్డెక్కితే నీళ్ళలోకి తోలడానికి... చిన్న చురుకు, అంతే. దానికి సరిపడా కరెంటు విడిగా దాచి ఉంటుంది. దాన్ని వాడే అవసరమే రాదనుకున్నాను. అందుకే నీకు చెప్పలేదు."

నాంచారి తన చేతుల వంక చూసుకుంది. ఎనిమిది వందల కాళ్ళు. ఒక్కొక్క బాతునీ ఒళ్ళో పెట్టుకుని, నోరెత్తకుండా కూర్చున్నందుకు మెడ నిమిరి, ఈ చేతులతోనే తొడిగింది. ఆమె ఏదో అనబోయేలోపు గట్టు గట్టంతా ఒక్కసారి అరిచింది.

అన్ని బాతులు ఒక్క గొంతుతో అరవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. గడ్డిలోంచి ఎగిరి, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ నీళ్ళలో పడ్డాయి. క్యాంపులో ఎవరో "హమ్మయ్య" అనడం పెట్టెలోంచి వినిపించింది. ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు. బెదిరిన బాతు దూరం పోదు. పక్కబాతు రెక్క కింద తల దూరుస్తుంది. తెరమీద పచ్చచుక్కలన్నీ నాలుగువైపుల నుంచీ ఒకచోటికి పరిగెత్తాయి. దూరాన కాపలా కాస్తున్న పోతుబాతులు కూడా ఈదుకుంటూ వచ్చి ఆ గుంపులోనే దూరాయి. రెండు కోసుల ఆపద్వాణి కాస్తా ఒక్క ఇంటి వాకిలంత అయి కూర్చుంది.

"ఎడమకి తిప్పమనండి, కుడేపు డెక్క వస్తంది, ఎడమకి..." అంటూండగా సత్తిరాజు గొంతు తెగిపోయింది.

"చెదరడం లేదేంటి? ఇంకోసారి నొక్కండి," అన్నాడు ఉమాపతి. బాతులు మళ్ళీ అరిచాయి. గుంపు ఇంకా బిగిసింది.

"నొక్కకండి సార్! భయపడితే దగ్గరికి చేరతాయి!" అని రెహనా అరిచింది. అటునుంచి మూడోసారి కూడా నొక్కారు. అప్పుడామె లేచి, క్యాంపుతో కలిపే పెట్టె వెనక చెయ్యి పెట్టి, తీగల్ని పట్టుకుని ఊడబెరికింది. ఉమాపతి గొంతు సగం మాటలో ఆగింది. ఉద్యోగం కూడా ఆ తీగలతోనే ఊడుతుందని ఆమెకి తెలుసు.

"ఇంక ఎవరూ నొక్కలేరు," అంది తీగల్ని కింద పడేసి. "పడవలు మన బాతులకి అందితే చాలు. అక్కా, నన్ను తర్వాత తిట్టు."

"తిడతా," అంది నాంచారి. "తీరిగ్గా తిడతా." అని దోనెలోకి దూకింది.

ఏడుకొండలు గెడ వేస్తున్నాడు. గుంపు దగ్గరికెళ్ళి ఆమె పిలిచింది. "హోయ్... లోలోలో." ఒక్క బాతూ కదల్లేదు. తన గొంతు తనకే గరగర వినిపించింది. కోపంతో పిలిస్తే బాతు ఇట్టే పసికడుతుంది. ఆ పిలుపుకి అర్థం భయం లేదని. భయం లేదని చెప్పేవాళ్ళ గొంతులో నిప్పులుంటే ఏ ప్రాణి నమ్ముతుంది?

ఆమె దోనెలోంచి నీళ్ళలోకి దిగింది. ఛాతీ లోతు చల్లటి నీళ్ళు. బాతుల మధ్యకి నడిచి నిలబడింది. ఉమాపతినీ, రెహనానీ, తన చేతుల్నీ, అన్నిటినీ కాసేపు పక్కన పెట్టింది. మేనల్లుణ్ణి ఒళ్ళో జోకొట్టినప్పటి గొంతు వెతికి తెచ్చుకుని, ఎవరికీ వినపడనంత నెమ్మదిగా మొదలుపెట్టింది. పది నిమిషాలు. పదిహేను నిమిషాలు. ఒక ముసలి పెట్ట తల బయటికి తీసి ఆమె వంక చూసి, రెండు బారలు ఈదింది. దాని వెనక ఇంకోటి.

తెల్లవెలుగు వస్తోంది. పెట్టలు ఇక ఆపుకోలేని వేళ అది. నీళ్ళలోనే గుడ్లు వదిలేస్తున్నాయి. తెల్లటి గుడ్లు ఆమె కాళ్ళ పక్కనుంచి మునిగిపోవడం ఆమెకి కనిపిస్తూనే ఉంది. వాటిని ఒడ్డుకి తోలడానికి ఒక్క "దా దా దా" చాలు, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. రానివ్వలేదు. కళ్ళెంబడి నీళ్ళు కారుతుంటే కారనిచ్చి, "హోయ్... లోలోలో" అంటూ వాటిని పాతిళ్ళలంక వైపే పంపింది. ఈ కష్టం ఇప్పుడు తనే పెడుతోంది. తెలిసి, తన నోటితో, వాటి మధ్య నిలబడి పెడుతోంది.

సత్తిరాజు గొంతు మళ్ళీ వచ్చేసరికి నలభై నిమిషాలైంది. పడవలు ఆలోపు కుడికి తిరిగి గుర్రపుడెక్కలో చిక్కుకున్నాయి. అతను దారి చెప్పి వాటిని బయటికి లాగాడు. ఆరున్నరకి పడవలు బడి చేరాయి. నలభై ఒక్కమందిని దించాయి. మాట తెగిన ఆ నలభై నిమిషాల్లోనే వరండా వైపు కప్పు కూలింది. దాని మీదున్న సత్తిరాజు తండ్రీ, పక్కింటి కోటేశ్వరమ్మా దాంతోపాటే పోయారు.

మూడు వారాల తర్వాత పట్నంలో విచారణ సమావేశం పెట్టారు. అప్పటికి నాంచారి మంద ఈకలు రాల్చుకుని బోసిగా తయారైంది. ఒక్క గుడ్డు లేదు. ఆమె మాత్రం ఉతికిన చీర కట్టుకుని, పెద్ద గంప నెత్తిన పెట్టుకుని, ఏడుకొండల్ని వెంటబెట్టుకుని వచ్చింది. గంప మీద తుండు కప్పి ఉంది. ఆఫీసు వరండాలో మరో నలుగురు బాతుల కాపర్లు కూర్చున్నారు. వచ్చే నెల నుంచి వాళ్ళ మందలకీ కడియాలు తొడుగుతారట. సత్తిరాజు బోడి తలతో ఒక మూల కుర్చీలో ఉన్నాడు.

ఉమాపతి నివేదిక చదివించాడు. తెల్లవారుజామున బాతుల సహజ ప్రవర్తన వల్ల నలభై నిమిషాల అంతరాయం ఏర్పడింది. ముల్లు తీవ్రత చాలలేదు. ఇకపై దాన్ని రెట్టింపు చేసి, బొత్తాం క్యాంపు చేతిలోనే ఉంచవలెను. కింద కాపరి సంతకం కోసం గీత గీసి ఉంది.

"ఇక్కడ పెట్టమ్మా," అన్నాడాయన మర్యాదగానే. "నీకు సన్మానం కూడా ఉంది."

నాంచారి కాగితం తీసుకుని, తిరగేసి, మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"ఇది తప్పండి. నేను అరగంట అడిగాను. పెట్టల్ని లేపలేక అడిగాను. అది నా తప్పు, రాయండి. మీరు అరగంట ఆగలేక మూడుసార్లు నొక్కారు. అదీ రాయండి. పోయిన ఇద్దరిలో నా పాలు నేను మోస్తన్నాను. మీ పాలు నా బాతుల మీద రుద్దకండి."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. సత్తిరాజు తలెత్తాడు. అతనికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

"నిజమేనాండీ?" అన్నాడు ఉమాపతిని చూస్తూ.

ఆయన బల్ల మీది కాగితాలు సర్దసాగాడు. వెనక వరసలోంచి రెహనా లేచింది. ఆమెని ఉద్యోగం నుంచి తప్పించి అప్పటికి పది రోజులు. "నిజమే. ఎన్ని గంటలకి ఎవరు నొక్కారో ప్రతి కడియంలోనూ రాసి ఉంది. ముల్లు పెట్టింది నేను. పెట్టానని అక్కకి చెప్పనిదీ నేనే."

"ఇవన్నీ తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు ఉమాపతి. "చూడమ్మా, రేపు ఇంకో వరదొస్తుంది. నీ మొండితనం వల్ల జనం చస్తే ఎవరిది పూచీ?"

నాంచారి గంపని ముందుకి జరిపి తుండు లాగింది. ఎనిమిది వందల కడియాలు. పొద్దున్నే కూర్చుని ఒక్కొక్కటే విప్పింది. వాటిని ఉమాపతి వైపు తొయ్యలేదు. వరండాలోకి మోసుకెళ్ళి, మెట్టు మీద కూర్చుని, రెహనాని పిలిచింది.

"ఇట్రా. ఈ ముల్లు ఎట్టా ఊడుద్దో చూపించు."

రెహనా సంచీలోంచి చిన్న పట్టకారు తీసి, ఒక కడియం పట్టుకుని, లోపలివైపు గోరంత ముల్లుని పట్టి లాగింది. టక్కున వచ్చింది. "అర నిమిషం పని. ముల్లు లేకపోయినా కడియం మాట్లాడుతుంది. ఎవరు ఎక్కణ్ణుంచి నొక్కినా వినదు, అంతే."

"అయితే కూకో. అన్నీ తియ్యి. నేను తిడతానన్నానుగా, తిడతా ఉంటా, నువ్వు తీస్తా ఉండు."

ఉమాపతి గుమ్మంలోకొచ్చి, ఇది ప్రభుత్వ ఆస్తి అన్నాడు. కేసు పెట్టిస్తానన్నాడు. నాంచారి తలెత్తలేదు. "కడియాలు మీవేనండి. కాళ్ళు మాత్రం నా బాతులవి. ముల్లున్నది నా మందలో ఒక్క కాలికి కూడా ఎక్కదు." వరండాలో ఉన్న నలుగురు కాపర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దాయన జేబులోంచి అడకత్తెర తీసి, గంప దగ్గరికి జరిగి, ఒక కడియం అందుకున్నాడు. మిగతావాళ్ళూ జరిగారు. ఏడుకొండలు పక్క దుకాణానికెళ్ళి నాలుగు పట్టకార్లు అడిగి తెచ్చాడు. ఆఫీసు గుమాస్తాలు కిటికీల్లోంచి చూస్తున్నారు. ఊడిన ముళ్ళు మెట్ల మీద టిక్కు టిక్కుమంటూ పడుతున్నాయి.

చాలాసేపటికి సత్తిరాజు వచ్చి కింద మెట్టు మీద కూర్చున్నాడు. అతనూ ఒక పట్టకారు తీసుకున్నాడు. రెండు కడియాలు పాడుచేసి మూడోది సరిగ్గా తీశాడు.

"మా నాన్న నీ అరగంటలో పోయాడో, ఆయన బొత్తాంలో పోయాడో నాకు తెలీదమ్మా," అన్నాడు. "రాత్రుళ్ళు అదే ఆలోచిస్తన్నానండీ."

నాంచారి చేతిలో పని ఆగింది. "నేనూ అదే ఆలోచిస్తన్నా బాబూ," అంది. అంతకుమించి ఓదార్పు ఆమె దగ్గర లేదు, ఉన్నట్టు నటించనూ లేదు.

అతను తల ఊపి ఇంకో కడియం అందుకున్నాడు. "మళ్ళీ నీళ్ళొస్తే మా ఊరికి వస్తారా?"

"వస్తా."

"టవర్లు పడిపోతాయి కదండీ. మిమ్మల్ని పిలిచేదెట్టా?"

నాంచారి ఊడదీసిన ముల్లుని మెట్ల కిందికి విసిరేసింది. గుమ్మంలో నిలబడ్డ ఉమాపతికి కూడా వినపడేలా, బాతుల్ని దూరానికి పంపే గొంతుతో చెప్పింది.

"నీళ్ళొస్తే నన్ను ఎవరూ పిలవక్కర్లేదు. నా బాతులు వచ్చేది నీళ్ళున్న చోటికే."